పిల్ల బాగా చిక్కింది

లిఫ్టులన్నింటికీ ఆయన చొక్కా వాసనే ఉంటుంది, లేదా ఆయన చొక్కాకే లిఫ్టుల వాసన అంటిందో ఏమో, గ్రీజూ ఇనుమూ కలిసిన ఆ వాసన ఒకరోజు నీకు అత్తరుకంటే ఇష్టమవుతుందని పెళ్ళికి ముందు ఎవరైనా అంటే పడీపడీ నవ్వేదాన్ని, ఇప్పుడు స్కానింగ్ గది ముందు ఈ ఇనుప కుర్చీలో కూర్చుని, ఎదురుగా లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ముక్కు అటే లాగుతోంది, అసలు మనిషి పక్కనే ఉన్నా సరే, కొత్త పెళ్ళికూతురి ముక్కుకి సిగ్గూ లేదు సందర్భమూ లేదు, ఆయనేమో లిఫ్టు ఆగే చప్పుడు విని తల అడ్డంగా ఊపుతున్నారు, బ్రేకు అరిగిపోయిందోయ్, వీళ్ళకెవరైనా చెప్పాలి, లిఫ్టులు బాగుచేసేవాడికి ఆసుపత్రికి వచ్చినా ముందు లిఫ్టు జబ్బే కనిపిస్తుంది, ఇవాళ మీరు మెకానిక్కు కాదండీ, రోగి తాలూకు మనిషి, అన్నాను, నవ్వారు, నవ్వితే ఎడమ చెంపలో మాత్రమే సొట్ట పడుతుంది, ఆ సొట్ట చూసి పొద్దుట్నుంచీ గోల పెడుతున్న నా కడుపు కూడా ఒక్క క్షణం ఊరుకుంది, తరువాత మళ్ళీ మొదలుపెట్టింది, కడుపులో ఎలుకలు పరిగెత్తడం అంటారు గానీ నా ఎలుకలు ఎప్పుడో నీరసించిపోయాయి, అవి ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాయి, స్కానింగ్‌కి పరగడుపునే రమ్మన్నారు, రమ్మంటే రానా, పరగడుపు నాకిప్పుడు సొంత చుట్టం.

పై అంతస్తులో అక్క పడుకుని ఉంది, చిన్నప్పటినుంచీ ఒంట్లో దాక్కున్న జబ్బు దాని లివర్‌ని రాయి చేసేసింది, ఇంక ఎవరిదైనా ముక్క తెచ్చి పెట్టాల్సిందే అన్నారు, అమ్మకి వయసు మీరింది, పైగా షుగరు, పిన్ని రక్తం కలవలేదు, మిగిలింది నేను, నా రక్తం కలిసింది, వయసు కలిసింది, పరీక్షలన్నీ కలిశాయి, పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని కలవలేదని అక్కే నవ్వింది, ఆయన్ని అడిగితే ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు, వదినకి కాకపోతే ఎవరికిస్తావు అన్నారు, తరువాత వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి చాలాసేపు ముఖం కడుక్కున్నారు, పాటల్లో అందరూ గుండె ఇచ్చేస్తామంటారు, లివరు ఇస్తానన్నవాడు ఒక్కడూ లేడేమండీ అని నేను తలుపు దగ్గర నిలబడి జోకు వేశాను, అప్పుడు నాకు భయం వేయలేదు, అన్నీ కలిశాయి కదా, తీరా స్కానింగ్ చేసి లివరు డాక్టరు అన్నాడు, అమ్మా, మీ లివరు నిండా కొవ్వుంది, ఇది కోసి పెడితే ఆవిడకీ పనిచేయదు, మీలో మిగిలింది మీకూ చాలదు, బరువు తగ్గి రండి, చొక్కాకి బొత్తాం ఊడింది కుట్టించుకుని రండి అన్నంత తేలిగ్గా.

ఆ కొవ్వు ఎక్కడినుంచి వచ్చిందో ఏ మిషనూ చెప్పక్కర్లేదు, నాకు తెలుసు, మా బాల్కనీలో ఒకటే కుర్చీ, అందులో ఇద్దరం ఇరుక్కుని కూర్చునేవాళ్ళం, రెండో కుర్చీ కొందామా అంటే కొనేశాక నన్నానుకుని ఎవరు కూర్చుంటారు అనేవారు, ఒకే కప్పులో పాలమీగడ తేలే టీ, చక్కెర అడుగున పేరుకునేంత, ఎవరి వాటా ఆ అడుగు అని రోజూ తగువు, వెన్న రాసి పెనం మీద కాల్చిన రొట్టె, ఆయన వేయించే బంగాళాదుంప ముక్కలు, అవి తప్ప ఆయనకి వేరే వంట రాదు, అవి వేయించినప్పుడు గొప్ప వంటవాడిలా భుజం మీద తువ్వాలు వేసుకుంటారు, సెలవురోజు పొద్దున లేవకుండా పక్కమీదే కేకు తిని పొడి దులుపుకునేవాళ్ళం, పెళ్ళి నీళ్ళు ఒంటపట్టాయే అని ఇరుగుపొరుగు మురిసిపోయారు, ఆయన నాకు బొద్దూ అని పేరు పెట్టారు, బొద్దూ తాళం ఎక్కడ, బొద్దూ నా సాక్సు చూశావా, ఆ పిలుపుకి నేను గది చివర్నుంచి పరిగెత్తుకొచ్చేదాన్ని, మనిషి సంతోషం ఒంట్లో ఎక్కడ చేరుతుందని ఎవరైనా అడిగితే నేను వేలు పెట్టి చూపించగలను, కుడివైపు, పక్కటెముకల కింద, అక్క చావుకి అడ్డుపడాల్సిన చోట.

అంతే, మరునాటినుంచి ఇల్లు మారిపోయింది, అన్నం సగానికి సగం తగ్గించాను, మిగిలిన సగంలో కూరగాయలు, టీలో చక్కెర మానేశాను, తిన్నాక కూర్చోకుండా వీధి చివర బేకరీ దాటేదాకా నడక, బేకరీ ముందు ఊపిరి బిగబట్టి, నేను కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తాను, మధ్యాహ్నం షాపు ఓనరమ్మ బిస్కెట్ల డబ్బా నా వైపు తోస్తే నేను నా కీరా ముక్కల డబ్బా ఆవిడ వైపు తోసేదాన్ని, ఎక్కడికెళ్ళినా మెట్లే, లిఫ్టు మెకానిక్కు పెళ్ళానివి, నువ్వే ఎక్కకపోతే ఇంక నా బతుకెలా అని ఆయన ఏడిపించేవారు, ఏడిపిస్తూనే నా వెనకే మెట్లెక్కేవారు, నాతోపాటు నోరు కట్టేసుకున్నారు, బొద్దూ అనడం కూడా మానేశారు, అదెప్పుడు మానేశారో నేను గమనించలేదు, ఒకరోజు అసలు పేరుతో పిలిస్తే ఎవర్నో అనుకుని పలకలేదు.

బిస్కెట్ల పొట్లం నాకు దొరక్కుండా ఆయన పనిముట్ల సంచిలో స్పానర్ల కింద దాచారు, నాకు దొరకదా, గ్రీజు వాసన వేసే బిస్కెట్టు, ఒకటే, ఒకటే అనుకుంటూ వంటగదిలో దీపం వేయకుండా నములుతుంటే వెనకనుంచి వచ్చి రెండు చేతులూ చుట్టేసి చిక్కావోయ్ దొంగా అన్నారు, నేను నోటినిండా బిస్కెట్టుతో నిజంగానా, చిక్కానా, ఎక్కడ, నడుం దగ్గరా, అన్నాను, ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది, అయ్యాక ఇద్దరం నేలమీద కూర్చుని నవ్వాం, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాం, ఆ నీళ్ళలో కొన్ని నవ్వువి కావు, అవి ఎవరికోసమో ఇద్దరికీ తెలుసు.

స్కానింగ్ గదిలోంచి నా పేరు పిలిచారు, లోపలికి వెళ్ళాను, స్కానింగ్ చేసే ఆవిడ నన్ను గుర్తుపట్టింది, పోయినసారి కంటే ముఖం తేలికపడిందమ్మా, ఈసారి తగ్గే ఉంటుందిలే అంది, మీ నోట్లో చక్కెర పొయ్య అన్నాను, అన్నాక నాలుక మీద చక్కెర కరిగినట్టయింది, మన దీవెనలకి కూడా చక్కెర లేందే గడవదు, బల్ల మీద పడుకుంటే కుడివైపు చల్లటి జిగురు రాసి మిషను పిడి అదిమిపెట్టి జరుపుతోంది, ఊపిరి పీల్చండి, అలాగే ఆపండి, వదలండి, తెర మీద బూడిదరంగు మబ్బులాంటిది కదులుతోంది, అదేనా నేను, మెట్లన్నీ ఎక్కిన నేను, వదిలేసిన అన్నమంతా, దాటి వచ్చిన బేకరీలన్నీ, కొంచెమైనా కనబడవా అక్కడ, నేను తెర చూడటం మానేసి ఆవిడ ముఖం చూశాను, ముఖాలు చదవడం నాకు అలవాటు, పవరు పెరిగిందని చెప్పేముందు షాపులో నేనూ రోజూ పెట్టుకునే ముఖమే అది, కనుబొమలు కదలకుండా, పెదాలు కొంచెం లోపలికి, అయిపోయిందమ్మా, తుడుచుకోండి, డాక్టరుగారు చెప్తారు, అని కాగితం తువ్వాలు ఇచ్చి, ఇచ్చాక నా చేతిమీద చెయ్యి వేసి ఒక్కసారి నొక్కింది, ఆ నొక్కుడుతో నాకు మొత్తం తెలిసిపోయింది, తరువాత డాక్టరు చెప్పింది వట్టి వివరం.

తగ్గింది, కాదనను, కానీ ఇంకా చాలా ఉంది, ఇదే పద్ధతిలో ఇంకొన్ని వారాలు సాగించండి, అన్నాడు, ఆయన కుర్చీ అంచుకి జరిగి, ఇంకా తక్కువ తింటేనండీ, అసలు తినకపోతే, ద్రవాల మీదే ఉంటే, అని అడుగుతున్నారు, నా కడుపు సంగతి నన్నడగకుండా బేరమాడుతున్న ఆ గొంతు విని ఇంకో రోజైతే గిల్లేదాన్ని, డాక్టరు అడ్డంగా తల ఊపాడు, కడుపు మాడ్చుకుంటే లివరు ఇంకా పాడవుతుంది, గబగబా తగ్గితే ఒంట్లో కొవ్వంతా కరిగి అక్కడికే వచ్చి చేరుతుంది, ఒళ్ళు దాని పద్ధతిలోనే తగ్గుతుందండీ, మన తొందర దానికి తెలియదు, అన్నాడు, మంచివాడే, మెల్లగానే చెప్పాడు, మరి మా అక్కకి ఆ వారాలు ఉన్నాయా అని నేనడిగాను, డాక్టరు కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు, రోజూ చూస్తున్నాం కదమ్మా అన్నాడు, అదేం జవాబో, ఉంటే ఉన్నాయనే అనేవాడు, ఇంతకాలం నేను ఆకలిని శత్రువు అనుకుని దానితో పోట్లాడి గెలుస్తున్నాననుకున్నాను, తీరా చూస్తే పోటీ ఆకలితో కాదు, ఒకవైపు నా ఒళ్ళు, మెల్లగా, బద్ధకంగా, సంసారపక్షంగా కరుగుతోంది, ఇంకోవైపు అక్క ఒళ్ళు, దానికి ఏ బద్ధకమూ లేదు.

ఆయన మందుల షాపు వైపు వెళ్ళారు, వెళ్తూ లిఫ్టులో వెళ్ళవే, ఇవాళ్టికి వద్దులే మెట్లు, అన్నారు, బ్రేకు అరిగిందన్నారుగా అన్నాను, పడిపోయేంత అరగలేదులే అన్నారు, నవ్వబోయి ఇద్దరం సగంలో ఆగిపోయాం, నేను మెట్లే ఎక్కాను, ఎందుకో తెలియదు, ఒక అంతస్తు మెట్లెక్కితే ఎంత కొవ్వు కరుగుతుంది, చిటికెడు, ఆ చిటికెడు అక్కదే, మొదటి మలుపులో గోడకానుకుని నిలబడ్డాను, పైన వార్డు వరండాలో అమ్మ గొంతు, ఫోనులో పిన్నితో మాట్లాడుతోంది, అమ్మ ఫోనులో ఎప్పుడూ దూరాన్ని బట్టి గొంతు పెంచుతుంది, పిల్ల బాగా చిక్కిందే చెల్లీ, నమ్మవు, మెడ దగ్గర ఎముకలు తేలాయి, ముఖం ఇంతయిపోయింది, చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్ళింది, ఉంది, ఎముక తగులుతోంది, నిజమే, డాక్టరుకీ మిషనుకీ కనబడనిది అమ్మకి కనబడింది, కన్నతల్లి కళ్ళకంటే పెద్ద స్కానింగ్ ఏముంది, వేలికి ఉంగరం కూడా ఆగడం లేదే అంటోంది అమ్మ, నేను నా ఉంగరం తిప్పి చూసుకున్నాను, తిరిగింది, పోయిన నెల తిరిగేది కాదు, ఒళ్ళంతా వెచ్చబడింది, ఆయన్ని వెంటనే పిలిచి చెప్పాలనిపించింది, నేను చిక్కానటండీ, అమ్మ చెప్తోంది, ఈసారి దొంగ చిక్కడం కాదు, అసలు చిక్కడం, అమ్మ ముక్కు ఎగబీల్చింది, పాపం, నేనంత చిక్కినందుకు అమ్మకి బెంగ, ఎంత ముద్దొచ్చిందో ఆ బెంగ, పిచ్చి అమ్మా ఇది మంచిదేనే అని పైకెళ్ళి వెనకనుంచి పట్టుకుందామని రెండు మెట్లు ఎక్కాను కూడా, ఆ చేతులతో ఇంక సూది పట్టుకుంటుందంటావా చెల్లీ అది, అంది అమ్మ.

సూది, నేను జన్మలో సూది పట్టలేదు, గుండీ ఊడితే ఆయనే కుట్టుకుంటారు, సూది పట్టేది అక్క, వీధిలో సగంమంది ఒంటిమీది బట్టలు కుట్టేది అక్క, పిల్ల అంటే అక్క, ముప్ఫై దాటినా అమ్మకి ఇంకా అదే పిల్ల, చిక్కింది అక్క, ఎముకలు అక్కవి, ఉంగరం జారిపోతున్నది అక్క వేలినుంచి, ఇంతసేపూ నేను నా మెడ తడుముకుంటూ అక్క ఎముకలు చూసి మురిసిపోయాను, మన మాటల్లో ఎవరు అన్నది చెప్పక్కర్లేదు కదా, చిక్కింది అంటే చాలు, ఎవరి ఆశ వాళ్ళు అందులో కూర్చోబెట్టుకోవచ్చు, ఒకటే మాట, నేను దాన్ని వినడానికి నెలల తరబడి కడుపు కాల్చుకోవాలి, అక్కకి ఊరికే వచ్చి మీద పడుతుంది, ఇద్దరం చిక్కుతున్నాం, ఒకే ఇంటి పిల్లలం, చిన్నప్పుడు వీధిలో పరిగెత్తినట్టే పరిగెడుతున్నాం, అప్పుడు అక్క కావాలని వెనకబడి నన్ను గెలిపించేది, ఇప్పుడు వెనకబడవే, కాస్త ఆగవే అంటే దానికి చేతకావడం లేదు, ముందుకి వెళ్ళిపోతోంది, నన్ను దాటి, మలుపు దాటి.

అమ్మ నన్ను చూసి ఫోను పెట్టేసింది, చేతిగుడ్డతో ముక్కు తుడుచుకుని ఏమన్నాడే డాక్టరు అంది, తగ్గిందటమ్మా అన్నాను, అబద్ధం కాదు, నిజమూ కాదు, అమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది, అవునే, నువ్వూ కాస్త చిక్కావులే అంది, ఇందాకటినుంచీ నేను వినాలనుకున్న మాట అదే, తీరా చేతికొచ్చాక అందులో ఏమీ లేదు.

గదిలోకి వెళ్ళాను, అక్క తల దిండుమీద చిన్నదైపోయింది, దుప్పటి కింద నీరు చేరిన పొట్ట ఒక్కటే ఎత్తుగా, మిగతా మనిషి ఉన్నట్టే లేదు, రోజూ ఎన్నో కళ్ళలోకి టార్చి వేసి చూసేదాన్ని, అక్క కళ్ళలోకి మాత్రం చూడలేను, తెల్లగా ఉండాల్సినచోట పండిన నిమ్మకాయ రంగు, ఆ కళ్ళే నవ్వాయి, వచ్చావా చిట్టీ, ఏమంటోందే నీ కొవ్వు, అంది, ఇల్లు ఖాళీ చేయనంటోందక్కా, అన్నాను, అద్దెకున్నవాళ్ళని వెళ్ళగొట్టడం అంత తేలికా, మా మరిదిగారేరి, నా మీద కోపం వచ్చిందా, కొత్త పెళ్ళాన్ని మాడ్చి చంపుతోంది ఈ వదిన అని, అంది, కిందున్నారే, లిఫ్టు బ్రేకు అరిగిందని దిగులుపడుతున్నారు అన్నాను, అక్క నవ్వబోతే దగ్గొచ్చింది, దగ్గు తగ్గేదాకా వీపు మీద చెయ్యి ఉంచాను, వెన్నుపూసలు ఒక్కొక్కటీ నా వేళ్ళకి పేరు చెప్పుకున్నాయి.

తోడున్నవాళ్ళకి ఆసుపత్రివాళ్ళిచ్చే భోజనం పళ్ళెం బల్లమీద ఉంది, అమ్మ ముట్టుకోలేదు, అక్క దాని మూత తీయమంది, తీశాను, వెన్న రాసిన రొట్టె, వేయించిన బంగాళాదుంప ముక్కలు, చిన్న గిన్నెలో పాలతో చేసిన తీపి, ఆవిరి నా ముఖానికి కొట్టింది, నోట్లో నీళ్ళు ఊరాయి, నీళ్ళు ఊరడానికి వేళా పాళా లేదు, తినవే అంది అక్క, నా డబ్బా ఉందిగా, ఉడికించిన గుడ్డూ కీరా ముక్కలూ, అన్నాను, ఆ కుందేళ్ళ మేత మూసెయ్, నాకు ఏ వాసనా పడటం లేదు, ఏదీ లోపలికి పోవడం లేదు, నువ్వు తింటుంటే చూస్తానే, చూసి ఎన్నాళ్ళయింది, చిన్నప్పుడు నా పళ్ళెంలోది కూడా లాక్కుని తినేదానివి, నీ పెళ్ళి బట్టలు కుట్టినప్పుడు నడుం దగ్గర లోపల అంత గుడ్డ ఎందుకు వదిలాననుకున్నావు, నువ్వు సుఖపడి లావవుతావని, అవ్వాలని, అంది, నేను తలవంచుకున్నాను, అది నా గడ్డం పట్టుకుని ఎత్తింది, వేళ్ళలో బరువే లేదు, తిను, ఒక్కరోజుకి ఏమీ కాదులే, ఇంక చాల్లేవే చిట్టీ.

ఇంక చాల్లే అంటే ఈ పథ్యం చాల్లే అనుకున్నాను ముందు, ఇవాళ్టి పస్తు చాల్లే అని, తరువాత దాని ముఖం చూశాను, చదవకూడదనుకుంటూనే చదివాను, స్కానింగ్ గదిలో ఆవిడ ముఖం కాదిది, దీంట్లో దాపరికం లేదు, అక్కకి డాక్టరు కలం మూత సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు, తన ఒళ్ళు తనకి రోజూ చెప్తోంది, నన్ను తినమనడం లేదు అక్క, వదిలేయమంటోంది, ఈ రొట్టె తింటే నేను ఒప్పుకున్నట్టు, అక్క వెళ్ళొచ్చు, నేను నా బాల్కనీకి, నా కుర్చీకి, నా అడుగు చక్కెరకి తిరిగి వెళ్ళొచ్చు, ఎవరూ ఎవరినీ ఏమీ అనుకోనక్కర్లేదు, ఎంత ప్రేమగా చేతిలో పెట్టింది సెలవు, పళ్ళెంలో పెట్టి మరీ, దేవుడా, నా చెయ్యి అప్పటికే జరిగింది, నేను పంపలేదు, దానంతటదే రొట్టె అంచు దాకా వెళ్ళింది, వెన్న వేళ్ళకంటింది, తినకపోతే బహుశా అక్క అడిగిన ఆఖరి కోరిక కాదన్నదాన్నవుతాను, తింటే, తింటే ఏమవుతానో దానికి మాటే లేదు, అక్క చూస్తోంది, అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది, కడుపు లోపల్నుంచి చూస్తోంది.

వేళ్ళు దుప్పటికి తుడుచుకుని పళ్ళెం మీద మూత పెట్టాను, చప్పుడు కాకుండా పెడదామనుకున్నాను గానీ అయింది, అక్క కళ్ళు మూసుకుంది, కోపమా నిద్రా తెలియలేదు, నా చెయ్యి మాత్రం వెతికి పట్టుకుంది, మొండిదానివే నువ్వు అంది, కడుపు మళ్ళీ మొదలుపెట్టింది, గట్టిగా, గదిలో అందరికీ వినిపించేంత, ఇన్నాళ్ళూ దాన్ని ఊరుకోబెట్టాను, నీళ్ళు పోసి, నడిపించి, కసురుకుని, ఇప్పుడు ఊరుకోమనలేదు, అరవనీ, నేను కడుపునిండా తినే రోజు ఎలాగూ ఒకటి వస్తుంది, అక్క లేచి కూర్చున్నాక రావచ్చు, అక్క పోయాక రావచ్చు, రెండోదే ఎక్కువ దగ్గరలో ఉందని నాకు తెలుసు, తెలిసీ ఈ మంచం అంచున కూర్చున్నాను, ఆ రోజు ఇంకా రాలేదు, నాకు ఇంకా ఆకలి వేస్తోంది, వేస్తున్నంతసేపూ అక్క ఉంది.